ఒళ్లో సీటు

అన్నయ్యా, మేం విమానం ఎక్కాం! మా పటాన్‌చెరులో ఈ భాగ్యం ఇంకెవరికుంది? సెలవులకి రమ్మని మద్రాసు తమ్ముడే టిక్కెట్లు పంపాడు.

"చెవులల్ల జెర దూది పెట్టుండ్రి సారూ, పోరగాళ్లు ఏడుస్తరు," అంది పక్కింటి ముత్యమ్మ. ఈ వయసులో మాకు పుట్టిన కవలలు ఏడవనేలేదు. రెండేళ్లలోపు పిల్లలకి వేరే సీటుండదట. పెద్దాడు నా ఒళ్లో, చిన్నాడు వాళ్లమ్మ హైమావతి ఒళ్లో. మబ్బుల్ని చూసి పాలు కావాలన్నారు.

మద్రాసులో మరదలు గుమ్మంలోనే చేతులు చాచింది. పిల్లల్లేని ఇల్లు కదా. ఈ నెల రిటైరయ్యే ముసలాణ్ణి, ఇద్దర్నెలా పెంచను? చిన్నాణ్ణి దత్తత ఇచ్చేశాం. వాడు రాజాలా పెరుగుతాడన్నయ్యా, నాకెంత సంతోషమో.

తిరుగు విమానంలో పెద్దాణ్ణి హైమావతి నాకివ్వలేదు.

పెద్దక్కయ్యకీ, బాబాయికీ, కాకినాడ అత్తయ్యకీ అందరికీ చెప్పు. మా ఇంటికొస్తే చిన్నాడేడని మాత్రం హైమావతిని అడగొద్దను.