దిద్దిన దరఖాస్తు

పద్నాలుగో తప్పు దగ్గర భీమసేనరావు కలంలో ఎర్ర సిరా అయిపోయింది.

విసుక్కుంటూ బుడ్డి తెరిచి నింపుకున్నాడు. ఎదురుగా నిలబడ్డ నేతగాడు సర్దార్‌ను కూర్చోమనలేదు.

అది 1981. ఎమ్మిగనూరులో కొత్తగా నేత బడి పెడుతున్నారు. నేర్పడానికి ఒక మాస్టరు కావాలి. దరఖాస్తులు చూసి మనిషిని ఎంచే పని, ఆదోనిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన భీమసేనరావుకు అప్పగించారు. మగ్గం గురించి ఆయనకు ఏమీ తెలియదు. తెలుసుకోవాలని తోచనూ లేదు.

ఆయన కుర్చీ వెనక గోడకు ఒక దుప్పటి వేలాడుతోంది. ఒకవైపు నలుపు మీద ఎర్రపూలు, తిప్పితే ఎరుపు మీద నల్లపూలు. ఎటు చూసినా ఒక్క పోగు బయటపడదు. ఢిల్లీ ప్రదర్శనలో దానికి మొదటి బహుమతి వచ్చింది. దాన్ని చూసిన మీదటే ప్రభుత్వం ఈ ఊరికి బడి ఇచ్చింది. బహుమతి అందుకున్నది మాత్రం దుప్పటి కొన్న షావుకారు. నేసిందెవరని ఒక్కరూ అడగలేదు.

"ముప్పై ఒకటి," అన్నాడు భీమసేనరావు. "పద్దెనిమిది వరసల్లో ముప్పై ఒక్క తప్పులు. ఒత్తు ఉండాల్సిన చోట లేదు, లేని చోట ఉంది."

"నాకు అచ్చరాలు సరిగా రావు సార్. నాలుగు దినాలు కూసోని రాసినా. సెప్పాల్సిందంతా దాంట్లోనే ఉండాది. ఒకసారి సదవండి."

"చదవకుండానే తప్పులు పట్టినానా?"

సర్దార్ తన బాధ చెప్పుకున్నాడు. ఇరవై ఏళ్లు గుంట మగ్గం తొక్కి మోకాళ్లు పాడయ్యాయి. ఇక నేయలేడు. చేతులూ నోరూ బాగానే ఉన్నాయి కాబట్టి నేర్పగలడు. ఈ పని దొరక్కపోతే పెళ్లాం పిల్లలతో బొంబాయి దగ్గరి భీవండి పోవాలి. అక్కడ బావమరిది ఏదో మిల్లులో కాపలా పని చూసిపెట్టాడు.

భీమసేనరావు కాగితం అడుగున చూస్తున్నాడు. సంతకం ఉండాల్సిన చోట మూడు నిలువు గీతలు, పక్కన ఒక చుక్క.

"ఇదేమిటి?"

"నా గుర్తు సార్. నేసిన గుడ్డ అంచులో ఏస్తాము. ఎవురి గుర్తు వాళ్లకుంటాది."

"దరఖాస్తు కింద సంతకం పెట్టాలప్పా. ముగ్గులు కాదు."

గుర్తు మీద అడ్డంగా ఎర్రగీత కొట్టాడు. ముప్పై రెండు.

బడిలో పిల్లల వేళ్లు వాచిపోయేలా కొట్టిన చెయ్యి అది. ఎవడు ఏం రాశాడన్నది దానికి ఏనాడూ పట్టలేదు. ఎక్కడ తప్పాడన్నదే కావాలి.

"మగ్గం కాడ కూసోబెట్టి అడగండి సార్. రెండు వేల పోగుల్లో ఒక్కటి తప్పినా నన్ను గెంటెయ్యండి."

"అక్షరం రానివానికి తెలివి యాడుంటుంది? నీవు పిల్లలకేం నేర్పుతావు, పో."

సర్దార్ గుమ్మం వైపు తిరిగాడు.

"తెలివి లేనోన్నే సార్. ఉంటే ఈడికి వచ్చుందునా."

కుంటుకుంటూ మెట్లు దిగిపోయాడు. భీమసేనరావు ఆ కాగితాన్ని తీగకు గుచ్చి పడేశాడు.

మాస్టరు పని దత్తాత్రేయ అనే ఆయనకు వచ్చింది. ఆయనవి ముత్యాల్లాంటి అక్షరాలు.

మూడు నెలలకు పైనుంచి జాబు వచ్చింది. పిల్లలు ఆ దుప్పటి నేత నేస్తుంటే కళ్లారా చూడాలని, లేకపోతే బడి ఎత్తేస్తామని అధికారులు రాశారు. దత్తాత్రేయ నిజాయితీపరుడు. ఆ నేత తనకు అంతుపట్టడం లేదని, దాన్ని నేసినవాణ్ణే వెతికి పిలిపించమని అన్నాడు.

షావుకారును అడిగితే, ఎవరి దగ్గర కొన్నాడో గుర్తులేదన్నాడు.

చివరికి భీమసేనరావే దుప్పటి మడిచి చంకన పెట్టుకుని మగ్గాల వీధికి వెళ్లాడు. మొదటి ఇంటి ముందు హనుమంతమ్మ నూలు చుడుతోంది. ఆమె దుప్పటి విప్పను కూడా విప్పలేదు. అంచు మాత్రం తిప్పి చూసింది.

మూడు నిలువు గీతలు, పక్కన ఒక చుక్క.

"ఇది సర్దార్‌ది సామీ."

ఎదురిల్లు చూపించింది. తలుపుకు తాళం. కిటికీలోంచి చూస్తే మగ్గం లేదు. కాళ్లు పెట్టుకునే గుంట ఉండాల్సిన చోట కొత్త మట్టి.

"ఆదోని అయ్యవారెవరో తెలివిలేనోడన్యాడంట. ఆ దినమే వచ్చి మగ్గం పీకి, గుంట పూడ్సినాడు. పెండ్లాం వహీదా బీ ఏడిసి మొత్తుకున్యా ఇన్లేదు. భీవండిలో యాడుండాడో మాకు తెలీదు." హనుమంతమ్మ గొంతులో కోపం మండుతోంది. "ఆ అయ్యవారి నోరు పడిపోను. మీరు అట్టాంటోల్లు కాదులే సామీ. గుడ్డ పట్టుకోని ఎతుక్కుంటా వచ్చినారు."

భీమసేనరావు దుప్పటి మళ్లీ చంకన పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

దారి పొడుగునా ఆయనకు కోపమే. తన మీద కాదు, సర్దార్ మీద. ఎదురుగా అంతసేపు నిలబడ్డాడు కదా, వెనకే గోడకు దుప్పటి ఉంది కదా, అది నాదే అని ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు కదా. చెప్పకపోతే తనకెలా తెలుస్తుంది?

ఆ కోపంతోనే తీగ మీదినుంచి కాగితం లాగాడు. మొదటిసారి దాన్ని చదివాడు.

మూడో వరస. నాలుగు చోట్ల ఎర్ర సిరాతో తానే దిద్దాడు గనుక, ఇప్పుడందులో ఒక్క తప్పు కూడా లేదు: "మీ గోడకు ఉన్న దుప్పటి నేసింది నేనే, ఆ నేత నాతోనే పోకుండా పిల్లలకు నేర్పాలని ఉంది."