బురదమ్మ

"ఒసేయ్ బురదమ్మా! ఆ కట్టు కట్టడం ఇవాళ పూర్తవుతుందా, లేక గాయం దానంతటదే మానేదాకా చూస్తావా?"

వార్డు ఆ చివర నుంచి నోరీన్ అరిచిన అరుపుకి, మంచం మీదున్న గొర్రెల బొచ్చు కత్తిరించే మనిషి కిసుక్కున నవ్వాడు. సెలా తల ఎత్తలేదు. ముడి వేసి, కత్తెర ట్రేలో పెట్టి, "అయిపోయిందండీ" అంది. ఆమె పుట్టి పెరిగిన టోంగాలో పెద్ద నర్సుకి ఎదురు చెప్పరు.

"అండీ అట, అండీ! ఇదేమైనా చర్చి అనుకుందేమో!" అంటూ నోరీన్ విసవిసా వెళ్ళిపోయింది.

కుర్రింబా ఆస్పత్రికి సెలాని ఏజెన్సీ మూడు నెలల ఒప్పందం మీద పంపింది. ఆస్ట్రేలియాలో ఆమెకిదే మొదటి ఉద్యోగం. ఊళ్ళో అడుగుపెట్టిన రోజునే వాన పడి, సెలా ఆస్పత్రి కారుని తీసుకెళ్ళి నల్లమట్టిలో దింపేసింది. ట్రాక్టరు పెట్టి లాగాల్సి వచ్చింది. ఆ పూటే నోరీన్ నామకరణం చేసేసింది. ఊరు ఊరంతా ఆ పేరు పట్టుకుంది. చివరికి పోస్టాఫీసులో కూడా "బురదమ్మా, నీకు పార్సిలొచ్చింది!" అని కేకేసేవారు.

ఆ ఆస్పత్రిలో నోళ్ళకి తాళాల్లేవు. డాక్టర్ని పాడె అనేవారు. వంట చేసే క్లారీ పేరు విషం. నోరీన్‌ని మొహం మీదే మొసలి అని పిలిచేవారు, ఆవిడ పళ్ళన్నీ బయటపెట్టి పలికేది. సెలాకి మాత్రం ఒళ్ళు మండిపోయేది.

"ఇదిగో, తిని చావు" అంటూ క్లారీ ఆమె ముందు పళ్ళెం విసిరినట్టు పెట్టేవాడు. "చచ్చినా దిగుల్లేదులే, మంచాలు ఖాళీగానే ఉన్నాయి. అన్నట్టు, ఫ్రిజ్‌లో నువ్వు కొబ్బరిపాలలో వండి పెట్టుకున్న ఆకుల గడ్డి నేనే తినేశా. చండాలంగా ఉంది. రేపు ఇంకాస్త ఎక్కువ పట్రా."

అడక్కుండా తినడం, పైగా వంకలు పెట్టడం! సెలా బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేది.

సెలా కంటే ముందు ఇదే ఒప్పందం మీద పనిచేసి వెళ్ళిన నర్సు మాటెత్తితే మాత్రం నోరీన్ నోట్లో తేనె ఊరేది. "కార్మైకేల్ గారా? ఎంత మర్యాదస్తురాలండీ ఆవిడ!" ఆ గారు అన్నది తనకి ఏ జన్మలో దక్కుతుందోనని సెలా కుళ్ళిపోయేది.

అయినా ఓర్చుకుంది. ఒప్పందం పొడిగిస్తే ఆస్పత్రి వెనకున్న ఇల్లు ఇస్తారు. ఇల్లు దొరికితే, టోంగాలోని నుకుఅలోఫాలో అక్క దగ్గర వదిలొచ్చిన కూతురు మేలేని తెచ్చుకోవచ్చు. పొడిగించడం, పొడిగించకపోవడం నోరీన్ చేతిలో ఉంది. అవసరం వస్తే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడు, ఈ మొసలి నోరు భరించడం ఒక లెక్కా అనుకుంది.

ఆ ఓర్పు ఒక ఆదివారం తెగింది. సెలా కూతురితో ఫోన్లో మాట్లాడుతుంటే, వెనక నుంచి నోరీన్ "ఒసేయ్ బురదా, ఫోన్లోనే కాపురం పెడతావా?" అని గావుకేక పెట్టింది.

అవతల మేలే గొంతు చిన్నబోయింది. "అమ్మా, వాళ్ళు నిన్ను తిడుతున్నారా?"

సెలా ఫోను పెట్టేసి, తిన్నగా టీ గదిలోకి వెళ్ళింది. అందరూ అక్కడే ఉన్నారు.

"నా పేరు సెలా. ఇకమీదట నన్ను అలాగే పిలవాలి. మర్యాదగా మాట్లాడాలి. లేదంటే పైవాళ్ళకి ఫిర్యాదు చేస్తాను."

క్లారీ చేతిలో బిస్కట్టు టీలో పడిపోయింది. నోరీన్ కప్పు కింద పెట్టి లేచి నిలబడింది.

"అలాగేనండీ" అంది.

మర్నాటి నుంచి ఆస్పత్రి తీరే మారిపోయింది. "సెలా గారూ, కాస్త ఈ రక్తపోటు చూస్తారా?" అనేది నోరీన్. సెలా టీ గదిలోకి వస్తే కబుర్లు ఆపి, లేచి కుర్చీ ఇచ్చేవారు. క్లారీ పళ్ళెం నెమ్మదిగా పెట్టి, "తీసుకోండి" అనేవాడు. ఫ్రిజ్‌లో ఆమె డబ్బా పెట్టినది పెట్టినట్టే ఉండేది. ఈ మాట మొదటి రోజే అని ఉంటే ఇన్నాళ్ళు ఏడ్చే పని తప్పేది కదా అని సెలా తనని తానే తిట్టుకుంది.

ఒప్పందం చివరి వారంలో ధైర్యం చేసి నోరీన్ గదికి వెళ్ళింది. "నా పని ఎలా ఉందండీ?"

నోరీన్ లేచి నిలబడి మరీ చెయ్యి కలిపింది. "చాలా బాగా చేశారు సెలా గారూ. ఏజెన్సీకి కూడా ఆ మాటే చెప్పాను."

సెలాకి కాళ్ళు నేల మీద ఆనలేదు. వరండాలోకి వచ్చి ఫోను చేసి, "మేలే, నీ బట్టలు సర్దుకో తల్లీ!" అంది. అవతల పిల్ల వేసిన కేకలకి చెవులు గింగురుమన్నాయి. నవ్వుకుంటూ వంటగదిలోకి పరిగెత్తింది.

"క్లారీ గారూ, వెనకింటి తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

క్లారీ ఉల్లిపాయలు తరగడం ఆపాడు. "తాళం మీకు అక్కర్లేదండీ, మీ ఒప్పందం పొడిగించడం లేదు. సోమవారం కొత్త నర్సు వస్తోంది. మొసలి నిన్ననే ఏజెన్సీకి ఫోన్ చేసింది."

"మరి... నా పని చాలా బాగుందని ఇప్పుడేగా అన్నారు!"

"బాగుందండీ. అందులో అబద్ధం లేదు. పోయిన నెల మీ పాప వస్తుందని మొసలి పాడెతో పోట్లాడి మరీ ఆ ఇంటికి రంగు వేయించింది."

"పోట్లాడిందా? నన్ను కుక్కకన్నా హీనంగా తిట్టిన మనిషి, నా కోసం పోట్లాడిందా?"

క్లారీ కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"మేము మావాళ్ళనే తిట్టుకుంటామండీ."