బండి నీడ

"ఈ నీడ కూడా మా బండిదే. లే!" అన్నాడు డ్రైవింగ్ మాస్టారు.

కారవాన్ వెనక నీడలో కూర్చుని రొట్టె తింటున్న మనిషి తలెత్తి చూశాడు. మాసిన గడ్డం, చిరిగిన టోపీ, పక్కన గుడ్డ సంచీ.

"ఎండ మండిపోతోంది బాబూ. తినేసి వెళ్లిపోతాను."

"తినేదేదో అవతల తిను. లోపల మా అమ్మ పడుకుంది. మీలాంటివాళ్లు బళ్ల దగ్గర ఎందుకు చేరతారో నాకు తెలీదా?"

అతను మిగిలిన రొట్టె సంచీలో పెట్టుకుని రోడ్డు అవతలికి వెళ్లి కూర్చున్నాడు. అక్కడ నీడ లేదు.

"పాపం, తింటున్నవాణ్ణి లేపేశారు," అంది భార్య.

"నీకు లోకం తెలీదు. చోటిస్తే నెత్తికెక్కుతారు."

మాస్టారికి లోకం తెలుసు. ఊళ్లో సగం మందికి కారు నేర్పింది ఆయనే. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం ఉన్న ఈ రోడ్డు మీద చేపలు పడుతూ సెలవులు గడపాలని, లోపలే పడకలున్న ఈ కారవాన్ అద్దెకు తీసుకుని ఇంటిల్లిపాదినీ బయల్దేరదీసిందీ ఆయనే.

ఒక్క తల్లి దగ్గరే ఆయన మాట చెల్లలేదు. బండి ఎక్కడ ఆపినా చక్రం కింద రాయి పెడితేగానీ ఆవిడ పడుకునేది కాదు.

"బ్రేకును నేను నమ్మను. రాయి అయితే కంటికి కనబడుతుంది," అనేది.

ఆగినచోటల్లా రాయి పెట్టడం, కదిలేముందు తీసి బండిలో వేయడం మనవరాలి ఉద్యోగం.

ఇప్పుడు తల్లి నిద్రపోతోంది. ఎర కోసం నత్తల్ని చితక్కొట్టాలి. మాస్టారు వంగి చక్రం కింద రాయి లాగేశాడు.

"నాన్నా! నానమ్మ ఊరుకోదు!"

"నానమ్మకు చెప్పకు. ఇంతమందికి బ్రేకు వేయడం నేర్పినవాణ్ణి, నాకు రాయెందుకే?"

ముగ్గురూ గట్టు దిగి, అలలు కొట్టే బండల మీద నిలబడి గాలాలు వేశారు.

చేపలు మంచి ఆకలి మీదున్నాయి. వేసిన గాలం వేసినట్టే లాగుతున్నాయి.

కాసేపటికి పైనుంచి ఎవరో అరిచారు. సముద్రపు హోరులో మాట తెలియలేదు.

"ఆ టోపీ అతనిలా ఉంది. వెళ్లి చూద్దామా?" అంది భార్య.

"చేపలు కంటబడ్డాయిగా, వాటా అడుగుతున్నాడు. విననట్టు ఊరుకో."

మళ్లీ అరుపు. మళ్లీ. తర్వాత ఆగిపోయింది.

"చూశావా? పట్టించుకోకపోతే వాళ్లే నోరు మూసుకుంటారు," అన్నాడు మాస్టారు, ఇంకో చేపను గాలం నుంచి విడిపిస్తూ.

బకెట్ నిండాక గట్టెక్కారు. కూతురు మాత్రం రాయి కిందే మర్చిపోయామని వెనక్కి పరుగెత్తింది.

"బండి ఇంత అంచుకు ఆపారేంటండీ?" అంది భార్య.

మాస్టారు వినలేదు. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. టోపీవాడు మళ్లీ అదే నీడలో ఉన్నాడు! బండి వెనక భాగానికి వీపు ఆనించి, కాళ్లు చాపి, మడమలు కంకరలో దిగేసి కూర్చున్నాడు. మొహమంతా చెమట. కళ్లు ఎర్రబడ్డాయి.

"లేవమన్నది నీక్కాదా?"

అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. తల అడ్డంగా ఊపి, వేలితో చక్రం వైపు చూపించాడు.

"చక్రం కింద నీ సొమ్మేమైనా దాచుకున్నావా? తాగి మాట కూడా పడిపోయింది, వెధవకి!"

"పోనీలెండి..." అంటూనే ఉంది భార్య. మాస్టారు బకెట్ ఎత్తి, చేపలు జారకుండా చెయ్యి అడ్డం పెట్టి మరీ, నీసు నీళ్లు అతని నెత్తిన పోశాడు.

అతను కళ్లు మూసుకున్నాడు. అంగుళం కదల్లేదు.

ఈలోగా కూతురు రాయి మోసుకుంటూ వచ్చింది. నానమ్మ లేచేలోగా పెట్టెయ్యాలని దాని తొందర. వంగి, చక్రం వెనక రాయి గట్టిగా దోపింది.

టోపీవాడు ఆ రాయిని చేత్తో తడిమి చూసుకున్నాడు. మెల్లగా నేల పట్టుకుని లేచాడు. పిల్ల తల మీద ఒకసారి చెయ్యి వేసి, సంచీ తీసుకుని, కాలు ఈడ్చుకుంటూ కొండ మలుపు తిరిగిపోయాడు.

"చూశావా? నీళ్లు పడితేగానీ లేవలేదు!" నవ్వాడు మాస్టారు.

భార్య నవ్వలేదు. నేలకేసి చూస్తోంది. బండి మొదట ఆగిన చోటి నుంచి గట్టు అంచు దాకా వాలుగా ఉన్న కంకరలో చక్రాల జాడలు. వాటి మధ్య సన్నగా, లోతుగా ఇంకో రెండు చాళ్లు. మనిషి మడమలవి.

"ఏమండీ... బ్రేకు చూడండి."

మాస్టారు తలుపు తీసి చూశాడు. హ్యాండ్‌బ్రేకు సగమే పైకి లాగి ఉంది.

ఆయన మలుపు దాకా పరుగెత్తాడు. కొండ దారిలో ఎవరూ లేరు. దూరంగా ఒక లారీ మాత్రం మూలుగుతూ ఎక్కుతోంది. చేతుల నీసు వాసనకు ఆయనకే అసహ్యం వేసింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, వంచుకునే తిరిగి వచ్చాడు.

తల్లి లేచి, బండి మెట్టు మీద కూర్చుని జుట్టు ముడి వేసుకుంటోంది.

"గొంతు సర్దుకుందా నాన్నా? ఇందాక బొంగురుపోయింది," అంది.

"ఎప్పుడమ్మా?"

"అదేరా, బండి జారినట్టయి నేను కేకేస్తే, 'భయం లేదమ్మా, నేను పట్టుకున్నాను, పడుకో' అన్నావు చూడు... నా కొడుకు పట్టుకున్నాక నాకేం భయమని మళ్లీ కళ్లు మూసుకున్నాను."