గోడలో పిల్లి కంత

"ఆ కంత కూడా మూసెయ్ మేస్త్రీ," అన్నాడు దశరథరామయ్య.

అన్నదమ్ముల వాటాల మధ్య కడుతున్న గోడకు, పిల్లి పట్టేంత కంత ఒక్కటే మిగిలింది. తల్లి పిచ్చమ్మ దాని ముందు చతికిలబడి, కంతలో చెయ్యి పెట్టింది.

"ఉండనీరా. పిల్లి తమ్ముడింటికీ పోయొస్తుంది."

"పిల్లి నా వాటాకొచ్చింది. వాడికెందుకు?"

పిచ్చమ్మ కూతురి కొడుకు శేషు బెజవాడ కాలేజీలో లెక్చరర్. వేటాడే జంతువులూ వాటి ఎరలూ వేరు వేరు తావుల్లో ఎలా పెరిగి తరుగుతాయో లెక్కలు కడుతుంటాడు. తిరువూరు బస్సు దిగిన దగ్గర్నుంచీ అదే మాట.

"నీ లెక్కలో చెప్పు శేషూ," అంది పిచ్చమ్మ.

శేషు ఉత్సాహంగా బొగ్గుతో నేలమీద రెండు గళ్ళు గీశాడు. "కంత ఉంటే, ఇటు ఎలుకలు తగ్గినప్పుడు పిల్లి అటు వెళ్తుంది. ఈలోగా ఇటు మళ్ళీ ఎలుకలు పుడతాయి. రెండూ బతుకుతుంటాయి మామయ్యా."

"మూసేస్తే?" అన్నాడు దశరథరామయ్య.

"ఇటు ఎలుకలుండవు. తర్వాత పిల్లికి తిండుండదు."

"పాలు పోస్తాంలే. మరి అటు?"

"ఇంకో పిల్లిని తెచ్చి పెంచేలోపు చిన్నమామయ్య గాదెలో గింజ మిగలదు."

పిచ్చమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఇంత విన్నాక పెద్దాడు మూయించడు.

దశరథరామయ్య మొహం విప్పారింది. "నీ చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చిందిరా! మేస్త్రీ, సిమెంటు కలుపు."

కొడుకులు విడిగా బతకడానికే ఈ గోడ అనుకుంది పిచ్చమ్మ, ఇప్పటిదాకా.

అవతల నుంచి చిన్నకొడుకు సీతారామారావు ఆమె వేళ్ళు పట్టుకున్నాడు. "అన్నయ్య ఒప్పుకున్నాడా అమ్మా?"

"చెయ్యి తియ్యమ్మా," అన్నాడు పెద్దాడు.