బీల గట్టు మీద పులిహోర

“ఇంటికో మనిషి రావాలి” అని ఊరి గ్రూపులో మెసేజ్ రాగానే ఢిల్లేశ్వరి పాత అలవాటుకొద్దీ పెద్ద గిన్నెడు పులిహోర కలిపి, నెత్తిన పెట్టుకుని బీల గట్టుకు చేరింది. కొంగలు దిగే ఆ చిత్తడి నేలను ఫ్యాక్టరీ కోసం ఆవేళే మట్టితో పూడ్చేస్తారట.

గట్టు మీద ఊరివాళ్లలో నరమానవుడు లేడు. ఉద్యమాలకు మనుషులు కదిలి వెళ్లడం మానేసి చాలా ఏళ్లయింది. ఎవరి ఫోన్‌లో వాళ్ల డిజిటల్ రూపం ఉంటుంది. అచ్చం వాళ్ల ముఖంతో, వాళ్ల గొంతుతో ఆ రూపమే తెర మీద బైఠాయించి నినాదాలిస్తుంది. సొంత ఊరి బీల కదా, ఈసారికైనా నడిచొస్తారని ఆశపడి, ఢిల్లేశ్వరి తన రూపాన్ని పంపకుండా తానే వచ్చింది.

బీలను పూడ్చడానికొచ్చిన పొక్లెయిన్ డ్రైవరు బండి దిగొచ్చాడు. “ఎవులూ రానేదేటమ్మా?”

“వస్తారు. ఈలోగా నువ్వు తిను, బాబూ.”

అతను కడుపునిండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, ఆమె ముఖం చూడలేక, బండెక్కి స్టార్ట్ చేశాడు.

అప్పుడే పక్కింటి పైడమ్మ ఫోన్ చేసింది. “ఏటే, ఊరంతా ఇక్కడే ఉన్నాం. నువ్వొక్కత్తివే రానేదు!” ఆమె వెనక కుక్కరు కూత వేసింది.

“వచ్చీసినానే. గట్టు మీదే ఉన్నాను.”

“ఎక్కడే? మరి అగుపడవేటి?”

పైడమ్మ చూస్తున్నట్టే ఢిల్లేశ్వరి చెయ్యెత్తి ఊపింది.

ఆపమంటోందనుకుని డ్రైవరు బండి ఆపేశాడు.

ఎత్తిన చెయ్యి ఆమె మరి దించలేదు.