గుంట మగ్గం చప్పుడు

చెరువు కట్ట తెగేలా ఉందన్న కబురు పొద్దు గూకకముందే వచ్చింది. నేతగాడు లింగమూర్తి కంగారు పడలేదు. కరెంటు మెయిన్ బంద్ చేసి, గ్యాస్ కట్టేశాడు. మగ్గం మీది పడుగు కోసి, సగం నేసిన జంపఖానాను పాలిథిన్ కవర్లో చుట్టి డాబా మీదికి చేర్చాడు. భార్య సమ్మమ్మ మంచినీళ్ల బిందె, ఆధార్ కార్డులు తెచ్చింది.

రాత్రి ఇంట్లోకి నీళ్లొచ్చాయి. నేసేటప్పుడు తను కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటే ముందుగా నిండి ఉంటుందనుకున్నాడు లింగమూర్తి.

అప్పుడు కింద మగ్గం ఆడసాగింది. టక్, టక్. తీరుబడిగా, ఆగకుండా.

"ఇనవడ్తాందా?" అన్నాడు.

"నీళ్లకు కట్టెలు కొట్టుకుంటానయ్. నువ్వు మాత్రం కిందికి దిగకు" అంటూ సమ్మమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

కావచ్చు. కానీ కొట్టుకునే కట్టెలకు లయ ఉండదు. ఈ దెబ్బ ఒక్కసారీ తప్పడం లేదు.

లింగమూర్తి ఫోను లైటు వేసి కవరు ముడి విప్పాడు. జంపఖానా పొడిగా ఉంది. తను సగంలో వదిలిన ఎర్రచార మాత్రం పూర్తయింది. దాని తర్వాత జానెడు కొత్త నేత, తడిగా. చివరి పోగు మీద వేలు పెట్టి చూశాడు.

కింద టక్‌మంది. అతని వేలి పక్కన ఇంకో తడి పోగు వచ్చి చేరింది.