మంచం తప్పేం లేదు

వేలూరు ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు. మూడేళ్ల గోకుల్ పరుగెత్తుకుంటూ వచ్చి ఇనుప మంచం కోడుకు తల కొట్టుకున్నాడు. నుదుటి మీద బొప్పి కట్టింది. వార్డంతా వినపడేలా ఏడుపు అందుకున్నాడు.

పక్క మంచం మీది కన్నియమ్మ, లత్తేరి ఊరి మనిషి, ఊరుకుంటుందా? వంగి మంచం కోడుకు రెండు దెబ్బలు వేసింది. "మా నాయన్ని కొడతావా నువ్వు?" అని దాన్ని గద్దించింది. గోకుల్ ఏడుపు ఆపి తనూ కొట్టడానికి చెయ్యెత్తాడు.

ఆ చేతిని వాళ్ల అవ్వ మునిరత్నమ్మ పట్టేసుకుంది. ఆమె కుడిచేతికి మోచెయ్యి దాటి కట్టు ఉంది. ఎడమచేత్తోనే గట్టిగా పట్టుకుంది.

"నువ్వు పరుగెత్తినావు, నువ్వే తగులుకున్నావు నాయనా. మంచం ఏం చేసింది?"

పిల్లాడు మళ్లీ లంకించుకున్నాడు. కోడలు విజికి ఒళ్లు మండిపోయింది.

ఇదేం అవ్వ అండీ! మనవడి బొప్పి కన్నా మంచం మీద జాలి. గుడియాత్తంలో ఇంటి దగ్గరా ఇదే వరస. గడప తగిలి పడితే గడపను కొట్టనివ్వదు. వాడు ఏడ్చి ఏడ్చి లేచేదాకా పక్కన కూర్చుని చూస్తుంది. ఇదేందని అడిగితే, ఇప్పుడు నేర్పకపోతే పెద్దయినాక ఎట్లుంటాడో అని ఒకటే పాట. పాలపళ్లు ఊడని పిల్లాడికి పెద్దయినాక గోలేమిటో విజికి అర్థం కాదు.

పోనీ ఆమె గుణమే అంత అనుకుందామంటే అదీ కాదు. కొడుకు వినోద్‌కుమార్ చిన్నప్పుడు పడితే ఈవిడ నేలను కొట్టేదట, గోడను కొట్టేదట. ఒకసారి పక్కన ఆడుకుంటున్న ఎదురింటి పాపకే ఒకటి వేసిందట. వీధిలో వాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. సొంత కొడుక్కి ఒక న్యాయం, కోడలు కన్నవాడికి ఇంకొకటి. విజి కడుపు రగిలేది అందుకే.

అయినా చాకిరీ తప్పుతుందా? అత్త వాకిట్లో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుందని మొగుడు ఫోన్ చేయగానే, పొన్నైలో పుట్టింట్లో ఉన్న మనిషి పిల్లాణ్ని చంకనేసుకుని బస్సెక్కి వచ్చింది. మొగుణ్ని ఏమీ అనలేదు. అతని బాధలు అతనివి. పనిచేసిన ప్రతి చెప్పుల కంపెనీలోనూ పాపం చెడ్డ సూపర్‌వైజర్లే దొరికారు. మొన్ననే ఉన్న పనీ పోయింది. ఇప్పుడు మందుల కోసం కిందికి వెళ్లాడు.

ఇంక విజి వల్ల కాలేదు. వార్డు అని కూడా చూడలేదు.

"నా బిడ్డంటే నీకు అంత చేదా అత్తా? నీ కొడుక్కయితే వీధినంతా కొట్టినావంట గదా."

చిన్నబిడ్డ కోసం ఇంత రచ్చ ఎందుకమ్మా అని సర్దిచెప్పబోయిన కన్నియమ్మ, విజి ముఖం చూసి అటు తిరిగి పడుకుంది.

"చెప్పు. వీడి కోసం మాత్రం నీకు చెయ్యి ఎందుకు లేయదు?"

మునిరత్నమ్మ తలుపు వైపు చూసింది. కొడుకు ఇంకా రాలేదు. గోకుల్‌ను దగ్గరికి లాక్కుని బొప్పి మీద మెల్లగా ఊదింది. గొంతు తగ్గించింది.

"ఆ పొద్దు వాకిట్లో పడింది నేను గాదు విజీ, బండి మీద నుంచి నా కొడుకు పడినాడు, వాడు కొట్టేదానికి పక్కన నేనుండాను."